గంగమ్మ తిరగ్గొట్టిన కొబ్బరికాయ

ముందే ఒప్పేసుకుంటే మంచిది. లోకల్ రైల్లో పైన కడ్డీ దొరక్కపోతే పక్కవాడి భుజం పట్టుకునే మనిషిని నేను. అలాంటివాణ్ణి సముద్రంలో, అల మీద, ఒక చెక్క పైన, ఏ కడ్డీ లేకుండా నిలబడతానని నలుగురిలో అన్నాను. తాగి అన్నది కాదు. మధ్యాహ్నం భోంచేసి, పూర్తి స్పృహలో ఉండి అన్నాను. అందుకే దానికి మన్నింపు లేదు.

వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చదివాక కూడా వెళ్లాలనిపిస్తే ఆ పాపం నాది కాదు.

ఎనిమిదో గల్లీ

ముంబై కామాటిపుర ఎనిమిదో గల్లీలో నాది రెక్సిన్ కుట్టే దుకాణం. స్కూటర్ సీట్లు, తబలా సంచులు, పెళ్లి బ్యాండువాళ్ల డోళ్ల తొడుగులు కుడతాను. ఇల్లు ఆ పైనే, రెండో అంతస్తులో. ఇల్లంటే ఒక గది. మిగతా ఇల్లంతా గ్యాలరీయే. ఒంటిగది ఇళ్ల మా చాల్‌లో గ్యాలరీ అంటే గదుల ముందు వరండా ఒక్కటే కాదు, అది మా హాలు, మా కోర్టు, మా దినపత్రిక. పక్కగదిలో మా అక్క సుగుణ, బావ యాదగిరి, బావ తల్లి ఎల్లమ్మత్తమ్మ ఉంటారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో బాంద్రా నుంచి రోహన్ అనే ముప్పై ఏళ్ల మనిషి వచ్చి తొమ్మిదడుగుల సంచీ కుట్టమన్నాడు. లోపల పెట్టేది సర్ఫింగ్ బోర్డట. అదేమిటని అడిగితే ఫోన్లో చూపించాడు. చిన్న అండమాన్ అనే దీవి. గోడలా లేచిన అల. దాని మీద రోహన్, గ్యాలరీలో నిలబడి పళ్లు తోముకుంటున్నంత తీరిగ్గా.

"మాతో రావలసినవాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. డబ్బు కట్టేసిన చోటు ఖాళీగా ఉంది. అంకుల్, మీరు రండి" అన్నాడు నవ్వుతూ.

నవ్వుతూ పిలిచినప్పుడు నవ్వుతూ రాననాలి. ఆ మర్యాద తెలియక వస్తానన్నాను. అతను నవ్వడం ఆపాడు. ఆ ముందువాడి కాలు ఎందుకు విరిగిందో ఆ క్షణమే అడగవలసింది.

నేర్చుకునేవాళ్లు ముందు ఇంట్లో అభ్యాసం చేయాలని ఏదో వీడియోలో చెప్పారు. కింద నీళ్లు, పైన చెక్క ఉంటే చాలనుకున్నాను. చాల్‌లో నీళ్లంటే డ్రమ్ము. మా డ్రమ్ము అప్పటికే సగానికి దిగింది కనుక బావ డ్రమ్మును ఎంచుకున్నాను. కింది గదిలో ఉండే మేస్త్రీ దగ్గర సెంట్రింగు చెక్క అడిగి తెచ్చి, డ్రమ్ము మూత మీద అడ్డంగా వేసి, ఎక్కి చేతులు చాచాను. ఒక్క క్షణం దీవి కనిపించింది. మరుక్షణం గచ్చు కనిపించింది. చెక్క జారి డ్రమ్ము అడుగున ఉన్న నల్లాను విరగ్గొట్టింది. ఆ ఇంటికి రోజంతా ఆధారమైన నీళ్లు గ్యాలరీ పొడవునా పరుగెత్తి మెట్ల మీంచి దూకాయి. వాటి వెంట కొన్ని మెట్లు నేనూ దిగాను, కూర్చునే. న్యాయంగా చూస్తే నా మొదటి సర్ఫింగు అదే.

బావ బనీను మీదే బయటికొచ్చాడు. "అరే మల్లేశం! ఏం లఫ్డా చేసినవ్‌రా?"

"ప్రాక్టీస్ బావా. అండమాన్ల అల మీద నిలబడాలె గద."

"బిందె మోస్తెనే ఆయాసం తీస్తవ్. నువ్వు సముద్రం మీద నిలబడ్తవా?"

"నిలబడ్త."

"పక్కా?"

"పక్కా."

అప్పటికి గ్యాలరీ నిండింది. జనం కనబడితే బావ గొంతు దానంతటదే పెరుగుతుంది. "అందరు వినుండ్రి! వీడు నిలబడితే వచ్చే ఏడు బోనాల దాకా వీని ఇంటి నీళ్లు నేను నింపుత. నిలబడకపోతే నా డ్రమ్ము వీడు నింపాలె. మంజూరా?"

మంజూరన్నాను. మా చాల్‌లో నల్లా కింద, మేం పైన. తెల్లవారుతుండగా నీళ్లొస్తాయి, కాసేపటికి పోతాయి. ఆ కాసేపట్లోనే రెండంతస్తులు ఎక్కుతూ దిగుతూ డ్రమ్ము నింపాలి. నా ఒక్క డ్రమ్ముకే నా మోకాళ్లు మూలుగుతున్నాయి. ఇక రెండో డ్రమ్మంటే వాటితో మాట్లాడే మొహం కూడా నాకు ఉండదు.

"మంజూర్ అనేముందు నన్నొక్క మాట అడగొద్దా?" అంది లోపల్నుంచి నా భార్య లలిత.

అడిగితే వద్దంటుందనే అడగలేదు.

వర్లి

ఎల్లమ్మత్తమ్మ చెల్లెలు వర్లి చాళ్లలో ఉంటుంది. ఆ వారం అత్తమ్మను అక్కడికి బస్సులో తీసుకెళ్లే పని నాకు పడింది. తిరిగి వచ్చేటప్పుడు సముద్రం చూస్తానంది. ఒడ్డున గోడ మీద కూర్చోబెట్టి, నిప్పుల మీద కాల్చిన మక్కకంకి కొనిచ్చాను. పళ్లు లేకపోయినా అత్తమ్మ కంకిని వదలదు. గింజలు వొలిచి, దవడలతో ఒప్పించి తింటుంది.

"గీ నేల ఎవలిదిరా?" అంది ఉన్నట్టుండి.

"మున్సిపాల్టీది."

"సముద్రంది. మన పెద్దలు పాలమూరు కెల్లి వచ్చి తట్టలు మోసి, మన్ను వోసి, పూడ్సిండ్రు. గీ ఊరు సగం గట్లనే లేసింది. మనకేమొచ్చె? ఉండనీకె ఒక్క ఖోలీ. కని సముద్రం తట్ట మోసినోన్నే యాదుంచుకుంటది, కంత్రాటుదారును గాదు."

"అయితే ఏంది అత్తమ్మా?"

"ఏందంటవా? మీ ముత్తాత దాని నోట్ల మన్ను గొట్టిండు. నువ్వు వోయి దాని నెత్తి మీద నిలబడ్తనంటున్నవ్. ఊకుంటదా?"

ఈ కోణం రోహన్ చూపించిన ఏ వీడియోలోనూ లేదు. నవ్వుదామనుకున్నాను కాని, ఎదురుగా ఉన్న సముద్రం సరిగ్గా అప్పుడే ఒక రాయిని గట్టిగా కొట్టింది.

పరిహారం కూడా అత్తమ్మే చెప్పింది. నీళ్లలో దిగేముందు పసుపు, కుంకుమ, రవికెగుడ్డ, కొబ్బరికాయ గంగమ్మకు ఇవ్వాలి. వచ్చేటప్పుడు ఒక సీసా సముద్రపు నీళ్లు తేవాలి. ఇంట్లో చల్లుకుంటే పగ చల్లారుతుందట.

"అత్తమ్మా, ఆ దీవి నిండ కొబ్బరిచెట్లేనట. కాయ అక్కడ కొంట."

"వద్దు. తప్పు మనది, కాయ మనదే కావాలె."

నాగ్‌పాడా

బట్టలు కొనడానికి నాగ్‌పాడా బజారుకు వెళ్లాను. ఒంటికి అంటుకుపోయే చొక్కా కావాలన్నాను. దుకాణదారు నా పొట్టను చూసి, చొక్కాను చూసి, వృత్తి ధర్మం గుర్తు తెచ్చుకుని, "సాగుతుంది చాచా" అన్నాడు హిందీలో. చొక్కా సాగింది. నా ఊపిరే సాగలేదు. నాలుగువందలు చెప్పి రెండువందల యాభైకి ఇచ్చాడు. కొబ్బరికాయ మాత్రం యాభైకి ఒక్క పైసా తగ్గలేదు. లడ్డూ కొనుక్కుని తిరుపతికి బయల్దేరినట్టు ఆ కాయతో నేను అండమాన్‌కు తయారయ్యాను.

ప్రయాణం రోజున టాక్సీ గల్లీలోకి రానంది. నేను కుట్టిన సంచీని నేనొక చివర, రోహన్ ఒక చివర పట్టుకుని నాగ్‌పాడా సందుల్లోంచి నడిచాం. తెల్ల కాన్వాసు, తొమ్మిదడుగులు, నడుమ కట్టిన బెల్టులు. తోపుడుబండ్లు వాటంతటవే పక్కకు జరిగాయి. ఆ సందుల్లో నాకు ఎవరైనా దారి ఇవ్వడం అదే మొదటిసారి. రిపేరు దుకాణం ముందు కూర్చున్న ముసలాయన లేచి, చేతులెత్తి దువా చేశాడు. సంచీలో మనిషి లేడని చెబుదామనుకుని ఊరుకున్నాను. ఆ దువా ఎలాగూ నాకే పనికొస్తుందని తోచింది.

ఓడలో

పోర్ట్ బ్లెయిర్ నుంచి చిన్న అండమాన్‌కు ఓడ. ఆ ఓడలో కోళ్లు, కుట్టుమిషను, మంచం, పెళ్లికూతురు అందరూ ఉన్నారు. వీళ్లలో ఎవరికీ కడుపులో తిప్పలేదు, నాకు తప్ప. పక్కనున్న బెంగాలీ అమ్మ ఉప్పద్దిన నిమ్మబద్ద నా నోట్లో పెట్టి, ఎందుకు వెళ్తున్నావని అడిగింది.

"అలల మీద నిలబడటానికి" అన్నాను.

ఆమె రెయిలింగును రెండు చేతులా కావలించుకున్న నన్ను చూసి, ఏమీ అనకుండా ఇంకో బద్ద ఇచ్చింది. జాలి చూపడంలో అంత పొదుపు మా గల్లీలో చూడలేదు. అక్కడైతే ముందు నలుగురినీ పిలిచి చూపించి, ఆ తర్వాత నిమ్మకాయ తెస్తారు.

హట్ బే

చిన్న అండమాన్ రేవు హట్ బేలో ఓడ దిగగానే ఆకలి తిరిగొచ్చింది. రేకుల కప్పు కింద ఒక హోటలు, లోపల్నుంచి చేపల పులుసు వాసన. పొయ్యి దగ్గరున్న పెద్దామె నా ఫోను సంభాషణ విని తల తిప్పింది.

"ఏటి బాబూ, తెలుగోరేనా?"

"అవునమ్మా. బొంబయి తెలుగు."

"బొంబాయిలో తెలుగుంటాదేటి? ఏదీ, ఓ ముక్క మాటాడండి."

"మస్తు ఆకలైతుందమ్మా. జల్ది ఇంత బువ్వ పెట్టు."

ఆమె గరిటె పట్టుకునే నవ్వింది. "సగం తెలుగు, సగం ఇందీ. పర్నేదు, ఆకలి మాత్రం నిఖార్సు."

ఆమె పేరు అప్పలమ్మ. వాళ్ల నాన్న కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇంట్లో పులుసంటే పల్లీల పొడి, చింతపండు. ఇక్కడ మామిడికాయ, కొబ్బరిపాలు. నూట ఇరవై రూపాయలకు ఆకు నిండా అన్నం, పెద్ద చేపముక్క. ముంబైలో ఆ డబ్బుకు ముక్క ఫొటో ఇస్తారు. నేను సంచీలోంచి కొబ్బరికాయ తీసి చూపించి సంగతి చెబితే, ఆమె నన్ను చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ కొబ్బరికాయలు నడుమెత్తు గుట్టగా ఉన్నాయి. కోళ్లు కొబ్బరి తింటున్నాయి.

"తెచ్చినారు గదా, ముందు మొక్కు తీర్సీసి దిగండి" అంది మర్యాదగా, నవ్వు కొంగులో దాచుకుని.

తీర్చలేదు. రోహన్, అతని స్నేహితులు ఇంగ్లీషులో గాలి దిక్కు గురించి మాట్లాడుకుంటుంటే, వాళ్ల ముందు పసుపు పొట్లం విప్పడానికి సిగ్గేసింది.

నేర్పేవాడి పేరు బాబ్లూ. సన్నగా, నల్లగా, ఎండుచేపంత దృఢంగా ఉన్నాడు. ఒడ్డు దగ్గర ఒక హెచ్చరిక బోర్డు మీద మొసలి బొమ్మ ఉంది.

"ఉన్నాయా?" అన్నాను.

"అటు వాగులో ఉన్నాయి. ఇటు రావు."

"ఆ సంగతి వాటికి తెలుసా?"

బాబ్లూ ఆలోచించి, "తెలిసే ఉంటుంది" అన్నాడు.

ఇక ఆ అలలు. అప్పలమ్మ హోటల్లో ఇడ్లీ తింటుంటేనే వాటి మోత గిన్నెల్లో వినిపించేది. దూరంగా నీలంగా, సాధువుల్లా వస్తాయి. ఒడ్డుకు దగ్గరయ్యేసరికి రెండు నిలువుల ఎత్తు లేచి, బాకీ వసూలుకొచ్చినట్టు మీద పడతాయి. రోహన్ వాటి మీదికి వెళ్లాడు. నన్ను బాబ్లూ, విరిగిన అలల తెల్లటి నురగ దగ్గరే ఆపాడు. పడుకో, చేతులతో నీళ్లు లాగు, లే. పాఠమంతా అంతే. అందులో పడుకోవడం నాకు బాగా వచ్చింది.

నా ఈత చిన్నప్పుడు సెలవుల్లో పాలమూరు బావిలో నేర్చుకున్నది. బావిలో నేర్చినవాడు గుండ్రంగానే ఈదుతాడు. ఒడ్డుకని బయల్దేరి, ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ అలకే ఎదురెళ్లేవాణ్ణి. అల నన్ను మడిచి, ఉతికి, పిండి, ఇసుకలో ఆరేసేది. పక్కవాళ్లు లేచేవారు. నేను లేచేసరికి కింద చెక్క ఉండేది కాదు. రోజులు అయిపోతున్నాయి. రాత్రి కళ్లు మూస్తే బావ నీలం డ్రమ్మే కనబడేది, నిండుగా.

"మొక్కు సంచీలో ఎట్టుకుని దిగినావేటి?" అంది అప్పలమ్మ నా మోచేతులు చూసి. మర్యాద పోయి చనువు వచ్చింది. "ఆయమ్మకి తెలీదేటి? రేపు నేనూ వత్తాను, పద."

తీర్చిన మొక్కు

మర్నాడు పొద్దున్నే మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డాను. ఒడ్డున అప్పలమ్మ అగరుబత్తులు వెలిగించింది. రోహన్ ముచ్చటపడి కెమెరా తీశాడు. పసుపు, కుంకుమ వేశాను. రవికెగుడ్డ వదిలాను. దండం పెట్టి, "తల్లీ, మా ముత్తాత తట్ట మోసింది పొట్ట కోసం. నీ మీద కోపంతో కాదు. ఆయన్ను మాఫ్ చెయ్యి, నన్ను కొంచెంసేపు నిలబడనియ్యి" అని మనసారా అడిగాను. బలమంతా చేర్చి కొబ్బరికాయ విసిరాను.

కాయ తేలింది. దాని వెనక ఒక అల లేచింది. కాయ ఆ అల ఎక్కింది. ఎక్కి, ఏ మాత్రం తొణక్కుండా, అల నుదుటి మీద నిలబడి, నేరుగా నావైపు రాసాగింది. ఇన్ని రోజులుగా నేను చేయలేనిది నేను తెచ్చిన కాయ మొదటి ప్రయత్నంలోనే చేసింది. నోరు తెరుచుకుని చూస్తున్నాను. పక్కకు జరగాలని తోచేలోగా అది వచ్చి నా నుదుటికి కొట్టింది.

"తీసుకోనేదు" అంది అప్పలమ్మ.

బాబ్లూ మాత్రం గురువుగారిలా వేలు చూపించాడు. "నారియల్‌ని చూశారా అంకుల్? కొట్టుకోదు, భయపడదు. మీరూ అలా చేయండి."

నలభై ఆరేళ్ల వయసులో నాకు కొబ్బరికాయను ఆదర్శంగా చూపిన గురువు దొరికాడు. నుదుటి బొప్పికి అప్పలమ్మ పసుపు పెట్టింది. తిరిగొచ్చింది ప్రసాదమేనని తేల్చి, ఆ కాయ కొట్టి అందరికీ ముక్క పంచింది. నాకు పెద్ద ముక్క ఇచ్చింది. నమలడానికి కూడా నుదురు నొప్పి పెట్టింది.

ఆఖరి రోజు మిగతావాళ్లు సామాను సర్దుకుంటున్నారు. రోహన్ కెమెరా సంచీలోకి వెళ్లిపోయింది. నేను ఒక్కడినే చివరిసారి దిగాను. అప్పలమ్మ దూరంగా చేపలు ఆరబెడుతోంది. అల వచ్చింది. ఈసారి దానితో కొట్లాడలేదు, కాయలా ఊరుకున్నాను. ఊరుకుని లేచాను. మోకాళ్లు వంగే ఉన్నాయి, ఒక చెయ్యి చెక్కను వదిలిందో లేదో కచ్చితంగా చెప్పలేను. కాని కింద నీళ్లు పరుగెడుతున్నాయి, నేను వాటి పైన ఉన్నాను. "పోచమ్మ తల్లీ" అనబోయాను. "పోచమ్మ" పైన అన్నాను, "తల్లీ" నీళ్లలో.

తేలి, కేక పెట్టి, చుట్టూ చూశాను. ఒడ్డున అప్పలమ్మ చేప పట్టుకున్న చెయ్యి ఊపింది. నన్ను చూసినవాళ్లు ఆమె, ఆ చేప. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ముఖమంతా ఉప్పునీళ్లు కనుక ఏది ఎంతో ఎవరికీ తెలియలేదు. అత్తమ్మ సీసా అక్కడే నింపుకున్నాను.

మళ్లీ గ్యాలరీ

రోహన్ పంపిన నా ఫొటో నాకంటే ముందు ఇల్లు చేరింది. నోరు తెరిచి నేను, నుదుటి మీద కొబ్బరికాయ. బావ దాన్ని గ్యాలరీ అంతా చూపించాడు. మెట్లెక్కుతుంటేనే పిల్లలు దండం పెట్టి నవ్వారు.

"నిలబడ్డ బావా. ఒట్టు."

"ఫొటో ఏది?"

"ఫొటో లేదు. అప్పలమ్మ అని ఒకామె చూసింది."

"పిలువ్ మరి. ఫోన్ చెయ్. స్పీకర్ల పెట్టు."

గ్యాలరీ అంతా ఫోను చుట్టూ మూగింది. అప్పలమ్మ అబద్ధమాడే మనిషి కాదు. నా దురదృష్టం కూడా అదే.

"నిలబడ్డాడు బాబూ, ఎందుకు నిలబడనేదు" అంది. నేను బావవైపు గర్వంగా చూశాను. "పడిపోతా పడిపోతా నిలబడ్డాడు."

"పడుకుంట నిలబడుడు లెక్కలకు రాదు!" అని బావ అరిచాడు.

"నిలబడకుంట పడుడెట్లయితది?" అని నేనూ అరిచాను.

గ్యాలరీ రెండుగా చీలింది. లలిత నా పక్షాన నిలబడి, నీళ్లు మోసే సంగతి గుర్తొచ్చి, ఇంకా గట్టిగా నా పక్షాన నిలబడింది. చివరికి ఎల్లమ్మత్తమ్మ చెయ్యెత్తింది.

"సగం నిలబడ్డడు, సగం పడ్డడు. సగం శిక్ష. దసరా దాక మా డ్రమ్ము నింపుతడు. ఇగ లొల్లి బంజేయుండ్రి."

మర్నాటి నుంచి తెల్లవారుజామున నేను బిందెలతో ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. బావ గ్యాలరీలో స్టూలు వేసుకుని, పెద్ద స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకుని, పాలవాడికో పేపరువాడికో కొబ్బరికాయ కథ చెబుతూ ఉన్నాడు. రోజూ అదే కథ. రోజుకింత కాయ పెద్దదవుతోంది. ఒకనాటికి గుమ్మడికాయంత అయింది. అది భరించాను. తర్వాత, కాయ తగిలినప్పుడు నేను "అమ్మా" అని ఏడ్చానని కూడా కలిపాడు. అది భరించలేకపోయాను.

ఆ పొద్దున నీళ్లు పోయడానికి లోపలికెళ్తే అత్తమ్మ, నేను దీవి నుంచి తెచ్చిన సీసా కిటికీలోంచి తీసి నా చేతికిచ్చింది. "ఇంట్ల చల్లంగ మిగిలినయిరా గీ నీళ్లు. పారబోస్తె పాపం. ఎవలన్న తాగితె పుణ్యం." అని పొయ్యి మీది చాయ్ వైపు చూసి, జపమాల తీసుకుని గోడవైపు తిరిగింది.

అక్క బావ గ్లాసులో చాయ్ పోసి, కాస్త వెలితి ఉంచి, "నాకేం కనవడ్తలేదు తమ్మీ, కండ్లు మసకలు" అంది. మా అక్క చూపు సూదిలో దారం ఎక్కించేంత మంచిది. ఆ వెలితిని నేను గంగమ్మతో నింపాను.

అక్క గ్లాసు అందించేసరికి బావ కథ మంచి పట్టులో ఉంది. కాయ అల ఎక్కింది, వస్తోంది, పాలవాడు నోరు తెరిచాడు. సరిగ్గా అక్కడ బావ ఒక పెద్ద గుక్క తాగాడు. కళ్లు పెద్దవయ్యాయి. బుగ్గలు ఉబ్బాయి.

"ఏంది... ఏం కలిపిండ్రు గిండ్ల?"

"సముద్రం, బావా" అన్నాను బిందె దించి. "నీ ఇంటికే వచ్చింది. ఇగ నిలబడు."

బావ ఒక్క ఉదుటున లేచి, గ్యాలరీ కడ్డీ పట్టుకుని, ఉమ్ముతూ నిలబడ్డాడు. నేను నిలబడ్డదానికంటే చాలా ఎక్కువసేపు నిలబడ్డాడు. సాక్షులకు కూడా ఈసారి ఫోను చేయనక్కర్లేకపోయింది.